పెద్ద అద్దాలకు మందమైన సెక్యూరిటీ ఫిల్మ్ అంటించడం ఎలా?

దుకాణం ముందు అద్దానికో, బాల్కనీ స్లైడింగ్ తలుపుకో, నిలువెత్తు కిటికీకో సెక్యూరిటీ ఫిల్మ్ మేమే అంటించుకోవచ్చా, ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం ఉన్నది తీసుకోవాలి, అంటించాక పాలలా తెల్లగా కనిపిస్తే ఏం చేయాలి అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. మనిషి ఎత్తు దాటని అద్దమైతే, ఓపికగల మరో మనిషి తోడుంటే, నిస్సందేహంగా అంటించుకోవచ్చు. అయితే 40, 50 మైక్రాన్ల ఎండ ఫిల్మ్ అంటించిన అనుభవం ఇక్కడ కొంతవరకే పనికొస్తుంది. 200 మైక్రాన్ల ఫిల్మ్ బిరుసుగా ఉంటుంది, ఒకసారి మడత పడితే ఆ గీత పోదు, దాని కింద చేరిన నీరు తేలిగ్గా బయటికి రాదు. ఈ పనిలో నైపుణ్యమంతా నీటిని బయటికి తోయడంలోనూ, అంచులను ఫ్రేమ్‌కు పట్టించడంలోనూ ఉంది.

ఫిల్మ్ వేసినంత మాత్రాన అద్దం పగలకుండా ఉండదు. పగిలిన ముక్కలను అతుక్కుని ఉన్న పాలిస్టర్ పొర పట్టుకుని ఉంచుతుంది. దొంగకు లోపలికి దారి దొరకడం ఆలస్యమవుతుంది, లోపలివాళ్ల మీద గాజు పెంకులు పడవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తరువాత తీరప్రాంతంలో ఈ ఫిల్మ్ గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. వారికి చెప్పవలసింది కూడా ఇదే: గాలి ఒత్తిడికి పగలవలసిన అద్దం ఫిల్మ్ ఉన్నా పగులుతుంది, కానీ అంచులు ఫ్రేమ్‌కు గట్టిగా పట్టి ఉంటే ఆ పగిలిన అద్దం అక్కడే నిలిచే అవకాశం ఉంటుంది. బుల్లెట్ ఆపుతుందని ఎవరైనా చెబితే ఆ దుకాణం నుంచి బయటికి వచ్చేయండి.

ముందుగా మీ అద్దం ఏ రకమో చూడండి

మామూలు అద్దం పగిలితే పెద్ద పెద్ద పెంకులవుతుంది. ఫిల్మ్ ఉంటే ఆ పెంకులు ఒకదానికొకటి ఆనుకుని, చాలావరకు ఫ్రేమ్‌లోనే నిలబడతాయి. టఫెన్డ్ గ్లాస్ (బాగా కాచి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన అద్దం) అలా కాదు. అది ఒక్కసారిగా చిన్న చిన్న గుళికలై బిగువంతా కోల్పోతుంది, అంచులు పట్టి ఉండకపోతే ఫిల్మ్‌తో సహా మొత్తం తడిసిన దుప్పటిలా జారి కింద పడుతుంది. 12 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది కనుక, మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపు అంటే 63 కిలోలు. అందువల్ల టఫెన్డ్ అద్దానికి ఫిల్మ్ వేస్తే అంచులకు సిలికాన్ (ఆరాక రబ్బరులా పట్టుకునే జిగురు) పట్టించడం తప్పనిసరి. చుట్టూ ఫ్రేమే లేకుండా పైనా కిందా స్టీలు బిగింపులతో నిలిచే గాజు తలుపులకు సిలికాన్ పట్టించే చోటే ఉండదు. మన ఊళ్లలో నగల దుకాణాలు, బట్టల దుకాణాలు ఎక్కువగా ఇటువంటి తలుపులే పెడుతున్నాయి. వాటికి ఫిల్మ్ కొనే డబ్బును షట్టర్ మీదనో లామినేటెడ్ గ్లాస్ (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినది) మీదనో పెట్టడం మేలు.

టఫెన్డ్ అద్దాన్ని గుర్తుపట్టడానికి మూలలో చెరగని చిన్న ముద్ర ఉందేమో చూడండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఏటవాలుగా చూస్తే లేత మచ్చలో చారలో కనిపించడం ఇంకో గుర్తు.

లోపల తీగ జాలి ఉన్న అద్దానికి, రంగు అద్దానికి, రెండు పొరల మధ్య ఖాళీ ఉండే అద్దానికి ముదురు రంగు ఫిల్మ్ వేయకండి. ఫిల్మ్ పీల్చిన వేడికి అద్దం మధ్యభాగం కాగి, ఫ్రేమ్‌లో దాగిన అంచు చల్లగా ఉండిపోయి, ఆ తేడాకు అద్దం దానంతట అదే చిట్లవచ్చు. ఇటువంటి అద్దాలకు పారదర్శక ఫిల్మ్ అయినా తయారీదారు ఇచ్చే పట్టికను చూశాకే ఎంచుకోవాలి. ఇప్పటికే అంచున నెర్రె ఉన్న అద్దాన్ని ముందు మార్పించండి.

ఇంకొక మాట. అగ్నిప్రమాదంలో బయటపడటానికి పగలగొట్టవలసిన కిటికీ ఏదైనా ఉంటే దానికి ఈ ఫిల్మ్ వేయకూడదు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగినప్పుడు పొగకు ఊపిరాడక ఆరుగురు మరణించారు. ఫిల్మ్ ఉన్న అద్దాన్ని లోపలివారూ అగ్నిమాపక సిబ్బందీ తొందరగా ఛేదించలేరు. ప్రతి గదికీ తెరుచుకునే దారి ఒకటి మిగిలిందని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఎంత మందం తీసుకోవాలి?

పెంకులు రాలకుండా ఉంటే చాలనుకునేవారికి 100 మైక్రాన్లు సరిపోతుంది. దుకాణం, నేల అంతస్తు కిటికీ వంటి చోట దొంగతనం గురించి ఆలోచిస్తుంటే 200 మైక్రాన్లు తీసుకోండి. 300, అంతకు మించిన ఫిల్మ్‌ను ఇంట్లో అంటించే ప్రయత్నం చేయవద్దని నా సలహా. దాని కింది నీటిని మామూలు చేతి బలంతో తోయడం చాలా కష్టం. కొనేటప్పుడు మనిషి తగిలినప్పటి భద్రతకు ఈఎన్ 12600, బలవంతపు ప్రవేశానికి ఈఎన్ 356 అనే యూరోపియన్ ప్రమాణాల పరీక్షల పత్రాలు అడిగి చూడండి. ఆ పరీక్ష ఏ అద్దం మీద చేశారో కూడా అందులో ఉంటుంది. 6 మి.మీ. అద్దం మీద వచ్చిన ఫలితాన్ని మీ 4 మి.మీ. అద్దానికి అన్వయించుకోకండి.

ఫిల్మ్ వేయడం నిషేధం కదా అని కొందరు అడుగుతున్నారు. 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వాహనాల అద్దాలకు సంబంధించినది, భవనాలకు కాదు.

కావలసినవి

- ఫిల్మ్. రోలు సాధారణంగా 1.52 మీటర్ల వెడల్పు ఉంటుంది, కొన్ని రకాల్లో 1.83 మీటర్లది కూడా దొరుకుతుంది.
- ఒత్తిడితో పిచికారీ చేసే 5 లీటర్ల పంపులు రెండు. పొలంలో పురుగుమందు కొట్టినవి ఎంత కడిగినా వాడవద్దు; మిగిలిన నూనె జిడ్డు జిగురును పాడుచేస్తుంది.
- శుద్ధి చేసిన నీరు. బోరునీటిలోని సున్నం ఫిల్మ్ కింద తెల్లటి మచ్చలుగా ఉండిపోతుంది కాబట్టి 20 లీటర్ల తాగునీటి క్యాన్లు తెప్పించుకోండి.
- రంగు, కండిషనర్ లేని బేబీ షాంపూ.
- గట్టి రబ్బరు, పొడవాటి పిడి ఉన్న స్క్వీజీ ఒకటి, అంచులకు గట్టి ప్లాస్టిక్ కార్డు ఒకటి, అద్దం కడగడానికి మామూలు వైపర్ ఒకటి.
- అద్దం గీకే బ్లేడు, ఫిల్మ్ కోసే కట్టర్, స్టీలు స్కేలు, టేపు.
- నూలు రాలని గుడ్డలు, మాస్కింగ్ టేపు, నేల మీద పరచడానికి పాత దుప్పట్లు.
- న్యూట్రల్ క్యూర్ స్ట్రక్చరల్ సిలికాన్, దాన్ని పట్టించే గన్. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే చవక సిలికాన్ ఈ పనికి రాదు. అది లోహాన్ని తినేస్తుంది, బరువును మోసేందుకు తయారైనదీ కాదు.
- ఇద్దరు మనుషులు. రెండు మీటర్లు దాటిన ఎత్తుకు ముగ్గురు.

రోజు, వేళ

అద్దం చేతికి చల్లగా తగిలే వేళలో పని చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి అద్దాన్ని మధ్యాహ్నం ముట్టుకోవద్దు. స్ప్రే చేసిన నీరు ఫిల్మ్ పెట్టేలోపే ఆరిపోయి జిగురు ఎక్కడికక్కడ పట్టేస్తుంది. వానాకాలంలో అంటించవచ్చు గానీ ఆరడానికి రెట్టింపు కాలం పట్టినా ఆశ్చర్యపోకండి. అన్నిటికంటే అనుకూలమైనది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఉదయం పూట.

చేసే విధానం

1. కొలవండి. వెడల్పును పైన, మధ్యలో, కింద. ఎత్తును ఎడమ, మధ్య, కుడి వైపుల కొలిచి, తక్కువ వచ్చిన కొలతను తీసుకోండి. అల్యూమినియం ఫ్రేములు కంటికి కనిపించినంత మట్టంగా ఉండవు కనుక రెండు మూలల మధ్య ఏటవాలు కొలతలు కూడా చూడండి. ఆ రెండూ సమానంగా లేకపోతే కాగితంతో అచ్చు తీసుకోవడం మంచిది.

2. బల్ల మీద కోయండి. పలుచటి ఫిల్మ్‌ను పెద్దదిగా కోసి, అద్దం మీద పెట్టాక అంచులు కత్తిరించే పద్ధతి 200 మైక్రాన్లకు పనికిరాదు. అంత మందాన్ని కోసే ఒత్తిడికి బ్లేడు అద్దం మీద కూడా గీత పెడుతుంది, ఆ గీత దగ్గరే తరువాత అద్దం పగులుతుంది. వెడల్పులోనూ ఎత్తులోనూ 3 నుంచి 4 మి.మీ. తగ్గించి, స్కేలు ఆనించి ముందుగానే కోసి పెట్టుకోండి. నాలుగు వైపులా ఉండే ఆ సన్నని ఖాళీ గుండానే నీరు బయటికి రావాలి. ఫిల్మ్ రబ్బరు బీడింగ్‌కు (అద్దాన్ని ఫ్రేమ్‌లో పట్టి ఉంచే పట్టీకి) తగిలితే అక్కడ లేచిపోతుంది.

   అద్దం వెడల్పు రోలు కంటే ఎక్కువైతే, ముందుగా ఫిల్మ్‌ను అడ్డంగా తిప్పి సరిపోతుందేమో చూడండి. అప్పుడు కూడా చాలకపోతే రోలు అసలు అంచులు రెండింటినీ పక్కపక్కన ఆనించి అతుకు వేయండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించకండి. ఆ మెట్టు దగ్గర నీరూ దుమ్మూ నిలిచి, అంచు ఊడుతుంది. అతుకు బలహీనమైన చోటు, కనుక తలుపు గడియ పక్కకు అది రాకుండా చూసుకోండి.

3. గదిని సిద్ధం చేయండి. ఫ్యాన్లు, ఏసీ ఆపండి, తలుపులు మూయండి. ఊడ్చే పని ముందురోజే ముగించండి. నేల మీద దుప్పట్లు పరిచి తడపండి. కిందికి రాలే దుమ్ము మళ్లీ లేవదు. కరెంటు ప్లగ్గులు అద్దం పక్కనే ఉంటే ఆ లైను ఆపి పని చేయండి.

4. అద్దాన్ని కడగండి, మళ్లీ కడగండి. లీటరు నీటికి 2 మి.లీ. షాంపూ కలిపిన ద్రావణాన్ని ఒక పంపులో నింపుకోండి. పైనుంచి కింది వరకు తడిపి, గుడ్డతో రుద్ది, తడి ఆరకుండానే కొత్త బ్లేడుతో ఒకే దిశలో గీకండి. వెనక్కి లాగేటప్పుడు బ్లేడు ఎత్తాలి. పండుగ ఆఫర్ల స్టిక్కర్ల జిగురు, పూజలో పెట్టిన పసుపు కుంకుమల మరక, గుమ్మడికాయ కొట్టినప్పుడు చిందిన చుక్క ఇవన్నీ చేతివేళ్లతో తడిమితేనే తెలుస్తాయి. టఫెన్డ్ అద్దం మీద బ్లేడును మూలలో చిన్నచోట ప్రయత్నించి, కరకరమని గరుకు తగిలితే ఆపి, ప్లాస్టిక్ గీకుడు పలకతో సరిపెట్టుకోండి. చివరికి అంచులు: కార్డుకు తడిగుడ్డ చుట్టి బీడింగ్ సందును నాలుగు వైపులా తుడవండి. ఫిల్మ్ కింద కనిపించే చెత్తలో ఎక్కువ భాగం ఆ సందులోంచే వస్తుంది. ఈ మొత్తాన్ని కనీసం రెండుసార్లు చేసి, శుభ్రమైన నీటితో కడిగి, వైపర్‌తో లాగేయండి.

5. లైనర్ తీయండి. లైనర్ అంటే జిగురును కప్పి ఉంచే పలుచటి పొర. ఫిల్మ్‌కు రెండు వైపులా మెరుపే ఉంటుంది, ఏది లైనరో తెలియదు. ఒక మూలకు రెండు వైపులా టేపు ముక్కలు అంటించి లాగితే లైనర్ విడిపోతుంది. ఒకరు ఫిల్మ్‌ను పై మూలల దగ్గర పట్టుకుని ఉండగా మరొకరు లైనర్‌ను కిందికి లాగుతూ, బయటపడిన జిగురును వెంటనే రెండో పంపుతో తడుపుతూ పోవాలి. ఆలస్యమైతే స్థిర విద్యుత్తు గాలిలోని దుమ్మునంతా జిగురు మీదికి లాగుతుంది, జిగురు జిగురుకు అంటితే విడదీయడం దాదాపు అసాధ్యం. ఈ రెండో ద్రావణంలో షాంపూ ఇంకా తక్కువ, లీటరుకు 1 మి.లీ. చాలు.

6. అద్దాన్ని ధారాళంగా తడిపి ఫిల్మ్ పెట్టండి. ఫిల్మ్ లోపలి వైపే అంటించాలి. బయట వేసుకునే రకం వేరే ఉంటుంది. పైఅంచును ముందు సరిచూసి, మధ్య నుంచి అరచేత్తో నెమ్మదిగా వదలండి. సరిగ్గా తడిసి ఉంటే ఫిల్మ్ అటూ ఇటూ జరుగుతుంది. జరగకపోతే బలవంతంగా లాగకుండా, ఒక మూల నుంచి లేపి మళ్లీ స్ప్రే చేయండి. నాలుగు వైపులా ఖాళీ సమానంగా వచ్చాకే తరువాతి పనికి వెళ్లండి.

7. ఫిల్మ్‌ను నిలబెట్టండి. ఫిల్మ్ బయటి ముఖాన్ని కూడా తడపండి. పొడి ముఖం మీద స్క్వీజీ గీతలు పెడుతుంది. పైన మధ్యలో మొదలుపెట్టి ఒకసారి అడ్డంగా, తరువాత మధ్యగీత వెంట నిలువుగా కిందికి లాగితే ఫిల్మ్ ఇక కదలదు.

8. నీటిని తోయండి. తొందరపడి చెడగొట్టుకునేది ఎక్కువగా ఈ దశలోనే. మధ్యగీత నుంచి అంచు దాకా, ప్రతి లాగుడూ ముందు దాని మీద సగం ఎక్కేలా, ఒకే ఒత్తిడితో, మధ్యలో ఆపకుండా లాగాలి. ఆపిన చోట గీతలా నీరు నిలుస్తుంది. మొదటి విడత మామూలు బలంతో, రెండో విడత రెండు చేతుల బలంతో, మళ్లీ బయటి ముఖం తడిపి చేయండి. రెండో విడతలో కూడా అంచున నీరు వస్తూనే ఉంటే మూడోది అవసరం. స్క్వీజీ రబ్బరు అంచు అరిగితే వెంటనే మార్చండి, ఎందుకంటే మెత్తబడిన రబ్బరు నీటి మీదుగా జారుతుంది తప్ప తోయదు.

9. అంచులను పట్టించండి. కార్డుకు పొడిగుడ్డ చుట్టి నాలుగు అంచులనూ ఒత్తుతూ, వచ్చిన నీటిని అద్దుతూ వెళ్లండి. అరగంట ఆగి మళ్లీ చేయండి. బిరుసైన ఫిల్మ్ అంచున తిరిగి లేచి, గాలిని వేలి ఆకారంలో లోపలికి పీల్చుకుంటుంది. ఈ రెండో విడత లేకపోతే అవి అలాగే ఉండిపోతాయి. హీట్ గన్‌తో ఆరబెట్టవద్దు, ఒకే చోట పడిన వేడికి అద్దం చిట్లుతుంది.

10. సిలికాన్ పట్టించండి. అంచులు పూర్తిగా ఆరాలి. టిష్యూ కాగితాన్ని అంచు వెంట ఒత్తితే పొడిగా రావాలి. మామూలు రోజుల్లో దీనికి కొన్ని రోజులు, వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఫిల్మ్ తయారీదారు చెప్పిన గడువు వేరుగా ఉంటే దాన్నే పాటించండి. ఈలోగా ఫ్రేమ్ మీద కనపడని చోట వేలెడంత సిలికాన్ పూసి వారం తరువాత చేత్తో లాగి చూడండి. అది సాగి మధ్యలో తెగితే మంచి పట్టు ఉన్నట్టు, ఫ్రేమ్ నుంచి పొరలా ఊడివస్తే ఫ్రేమ్ మీది పౌడర్ కోటింగ్‌కు (రంగు పూతకు) ప్రైమర్, అంటే పట్టు కోసం ముందుగా పూసే పూత, కావాలని అర్థం. ఆ తరువాత ఫిల్మ్ మీద 10 మి.మీ., ఫ్రేమ్ మీద 10 మి.మీ. పరుచుకునేలా మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో ఖాళీ లేకుండా మూడు మూలల ఆకారంలో నింపి, ఒకే లాగుడుతో నునుపు చేసి, టేపును వెంటనే తీసేయండి. నాలుగు వైపులా వేయాలి. అందంగా ఉండదని కింది వైపు వదిలేసేవాళ్లున్నారు. పగిలిన అద్దం బరువంతా ముందు పడేది అక్కడే.

   కొత్తగా కిటికీ పెట్టిస్తున్నవారికి ఇంకా మంచి మార్గం ఉంది: అద్దాన్ని ఫ్రేమ్‌లో బిగించకముందే అంచు నుంచి అంచుకు ఫిల్మ్ వేయించి, ఆపై బీడింగ్ కింద పట్టేలా బిగించవచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి రోజు చూసి కంగారుపడకండి. 100 మైక్రాన్ల ఫిల్మ్ పూర్తిగా ఆరి పట్టడానికి సుమారు నెల, 200 మైక్రాన్లకు రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటివరకు పాలమబ్బు లాంటి మసక, చిన్న చిన్న నీటి బుడగలు సహజం. పగటి వెలుతురులో రెండు మీటర్ల దూరం నుంచి, అద్దానికి ఎదురుగా నిలబడి చూడండి. కనిపించిన వాటికి బయటి వైపు మార్కర్‌తో చుట్టూ గీసి తేదీ రాయండి. వారం వారం చిన్నదవుతున్నది నీరు. వేలితో నొక్కితే కదిలి మళ్లీ అదే చోటికి వచ్చేది, నెలలు గడిచినా పరిమాణం మారనిది గాలి. మధ్యలో చుక్కలా ఉండి చుట్టూ గుండ్రటి మెరుపు ఉన్నది చెత్త రేణువు, అది ఇక పోదు. చదరపు మీటరుకు ఒకటి రెండు ఉంటే సర్దుకోవచ్చు. చేయి వెడల్పున గుంపుగా ఉంటే ఆ తావులో జిగురు పట్టలేదన్నమాట, ఆ ఫిల్మ్‌ను మార్చక తప్పదు. సూదితో పొడిచి సరిచేయాలనుకుంటే మొదటి రెండు రోజుల్లో, అదీ గాలి బుడగను మాత్రమే, కార్డుతో దగ్గరి అంచు వైపు తోయడం కుదరనప్పుడు మాత్రమే చేయండి.

రాత్రి టార్చిని అద్దానికి ఏటవాలుగా పట్టి అంచుల వెంట నడిపిస్తే లేచిన చోటు నీడ పడుతుంది. సిలికాన్ ఉన్న అద్దంలో అదే టార్చితో సిలికాన్ రేఖ ఎక్కడైనా తెగిందా, ఫ్రేమ్ నుంచి విడిపోయిందా అని చూడండి.

తరచుగా జరిగే పొరపాట్లు

షాంపూ ఎక్కువైతే ఫిల్మ్ బాగా జారుతుంది, పని తేలికగా అనిపిస్తుంది. కానీ ఆ సబ్బు జిగురులో ఇంకిపోయి ఆరే సమయాన్ని పెంచుతుంది, చివరికి పట్టును తగ్గిస్తుంది. రెండు నెలల తరువాత కూడా అంచును గోటితో లేపగలిగితే చాలాసార్లు కారణం ఇదే. గిన్నెలు తోమే జెల్ వాడితే ఇంకా కష్టం, అందులోని రంగు, పరిమళం, చేతులు మృదువుగా ఉంచే పదార్థం జిగురుకు పనికిరావు.

పాత ఎండ ఫిల్మ్ మీదే కొత్తది వేయమని అడిగేవారు ఉన్నారు. పాతది ఎప్పుడు ఊడితే కొత్తదీ అప్పుడే ఊడుతుంది కనుక, పూర్తిగా తీసి, జిగురంతా గీకి, మొదటి నుంచి మొదలుపెట్టండి.

అంటించిన మర్నాడే అద్దం తుడవడం, ఆఫర్ల స్టిక్కర్లు మళ్లీ అంటించడం, చూషణ కప్పులతో బొమ్మలు వేలాడదీయడం మానండి. నెల గడిచాక మెత్తటి గుడ్డ, సబ్బు నీరు వాడవచ్చు. అమ్మోనియా ఉన్న అద్దం క్లీనర్లు, నలిపిన వార్తాపత్రికలు, పీచు వంటివి పై పూతను గీకుతాయి కాబట్టి ఎప్పటికీ వద్దు. సముద్రతీరంలో ఉన్నవారు ఏడాదికొకసారి, తుపాన్ల కాలం మొదలయ్యే ముందు సిలికాన్ రేఖను పూర్తి పొడవునా వేలితో నొక్కి చూసి, గట్టిపడి చిట్లిన చోట పాతది కోసి తీసి కొత్తది నింపాలి. పాతదాని మీద పూసిన కొత్త పూత పట్టదు.